పాప్ ఆర్ట్ కొలాజ్‌కి సబ్బు అట్ట చాలు
రోజూ చూసే మామూలు వస్తువులనే బొమ్మలుగా మలిచే కళ పాప్ ఆర్ట్, ముక్కలు అతికించి చేసే బొమ్మ కొలాజ్. పిల్లలతో పాప్ ఆర్ట్ కొలాజ్ చేయించేటప్పుడు బొమ్మలు ప్రింట్ తీసి ఇవ్వకండి. ఇంట్లో వాడేసిన అగ్గిపెట్టె, సబ్బు అట్ట, బిస్కెట్ కవరు తెమ్మనండి. 1962లో అమెరికన్ పాప్ ఆర్ట్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 32 కాన్వాసుల మీద వేసింది కూడా రోజూ కళ్లబడే సూప్ డబ్బాలనే కదా!

న్యూస్‌పేపర్ ముక్కకి ఫెవికాల్ పూస్తే ముడతలు పడుతుంది. అడుగున అట్టకే పలచగా పూసి, ముక్క పరిచి, పాత ఏటీఎం కార్డుతో మధ్య నుంచి అంచులకు మెల్లగా లాగించండి, గాలి బుడగలు పోతాయి. మెరిసే ప్లాస్టిక్ కవర్లు ఫెవికాల్‌కి నిలవవు, వాటికి డబుల్ సైడ్ టేపే.

అంతా ఆరాకే రంగు. చుక్కల కోసం బబుల్ ర్యాప్‌కి పోస్టర్ కలర్ కొద్దిగా రాసి ఒక్కసారే అద్దించండి. అక్కడే మళ్లీ అద్దితే అలుక్కుపోతాయి. నల్ల మార్కర్ గీత చివర్లో. అది పడగానే బొమ్మ ఎలా లేచి నిలబడుతుందో, అప్పుడు పిల్లల మొహాలు చూడాలి!