ఏం తినాలని అడిగితే, డాక్టరమ్మ నడుం కొలిచింది

అక్కకి రొమ్ము క్యాన్సరని తేలిన నెలకి నేనూ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను, ఏం తింటే నాకు రాకుండా ఉంటుందో రాసిమ్మని. ఆవిడ బరువు చూసి, టేపు తీసి నడుం కొలిచింది. నాకప్పటికి 53. నెలసరి ఆగి మూడేళ్లు. ఆ మూడేళ్లలో తొమ్మిది కిలోలు పెరిగాను.

నెలసరి ఆగాక అండాశయాలు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తయారీ దాదాపు మానేస్తాయట, ఆ పనిని ఒంట్లో కొవ్వు అందుకుంటుందట. కొవ్వు పెరిగే కొద్దీ ఈస్ట్రోజన్ పెరుగుతుంది. చాలా రొమ్ము క్యాన్సర్లకి మేత అదే. కాబట్టి ఫలానా పండు, ఫలానా పొడి అని వెతక్కుండా ముందు బరువు పెరగడం ఆపండి. తగ్గడం తర్వాత సంగతి. నేను కంచంలో సగం కూరగాయలకి వదిలాను, మారు వడ్డించుకోవడం, తీపి పానీయాలు మానేశాను. ఏడాదికి నాలుగు కిలోలు తగ్గాను, అంతే.

నడక వారానికి 150 నిమిషాలు. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. నాకు అరగంట ఒకేసారి కుదరదు, పదేసి నిమిషాలు మూడుసార్లు నడుస్తాను.

మద్యం దగ్గర మాత్రం మొహమాటం వద్దు. రోజుకి ఒక్క గ్లాసైనా రిస్క్ కొంత పెరుగుతుంది, వైనైనా అంతే. గుండెకి మంచిదట అనుకుంటూ పార్టీల్లో తాగేదాన్ని. మానేశాను.

సోయా తింటే వస్తుందని భయపెట్టేవాళ్లని పట్టించుకోకండి, ఆహారంగా తినే సోయాతో రాదు. ఒళ్లంతా వేడి ఆవిర్లొచ్చి హార్మోన్ మాత్రలు అడగాలనుకుంటే మాత్రం, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లూ కలిసినవి ఏళ్ల తరబడి వాడితే రిస్క్ పెరుగుతుందని తెలుసుకుని డాక్టరుతో మాట్లాడండి. బిడ్డకి పాలివ్వడం తల్లికి కొంత రక్షణ. నాకది దాటిపోయింది, మా కోడలికి చెప్పాను.

ఇన్ని చెప్పాను గానీ, అక్క సన్నగా ఉండేది, రోజూ నడిచేది, మద్యం ముట్టలేదు. "నేనేం తప్పు చేశానే?" అంది. ఏమీ చెయ్యలేదు. వయసు, జన్యువులు మన చేతిలో లేవు. అందుకే ఇంట్లో ఎవరికి, ఏ వయసులో వచ్చిందో డాక్టరుకి చెప్పి, మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) ఎప్పటినుంచి, ఎన్నాళ్లకోసారి అని అడగండి. గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినా, చనుమొన నుంచి రక్తం కారినా వెంటనే వెళ్లండి. అక్క గడ్డ నొప్పి పుట్టలేదు. నొప్పి లేదు కదా అని రెండు నెలలు ఊరుకుంది.