“ఇంకొకరిని చేర్చు” నొక్కితే వచ్చే కొత్త బాక్సుకు క్యాలెండర్ తగిలించడం ఎలా?

తిరుపతిలో వ్యాన్లు తిప్పే మా మిత్రుడికి ఒక బుకింగ్ ఫారం చేసిచ్చాను. కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు చూపించి తీసుకొస్తుంటాడు. వచ్చేవాళ్లు ఒంటరిగా రారు కదా, ఇంటిల్లిపాదీ వస్తారు, పైగా కొందరు శుక్రవారం దిగితే కొందరు శనివారం దిగుతారు. అందుకని ఫారంలో ఒక్క వరుసే ఉంచి కింద “ఇంకొకరిని చేర్చు” అని బటన్ పెట్టాను. నొక్కిన కొద్దీ పేరు, పుట్టిన తేదీ, ప్రయాణం తేదీ ఉన్న కొత్త వరుస పుడుతుంది. మొదటి వరుసలో క్యాలెండర్ చక్కగా తెరుచుకుంది, రెండో వరుసలో ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

కారణం చాలా మామూలుది. క్యాలెండర్ చూపించే రెడీమేడ్ కోడ్‌ని డేట్‌పికర్ అంటారు. పేజీ లోడ్ అవగానే మనం డేట్‌పికర్‌ని పిలుస్తాం, అది ఆ క్షణాన పేజీలో ఉన్న బాక్సులకు తగులుకుని తన పని అయిపోయిందనుకుంటుంది. పెళ్లి భోజనంలో వడ్డించేవాళ్లు దాటిపోయాక వచ్చి బంతిలో కూర్చున్నవాడి ఆకు ఖాళీగానే ఉంటుంది చూడండి, కొత్త వరుస పరిస్థితీ అదే. వాడికి మళ్లీ విడిగా వడ్డించాలి.

నేను వాడింది జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీకి తోడుగా వచ్చే జేక్వెరీ యూఐ డేట్‌పికర్ కాబట్టి దాని లెక్కలోనే చెబుతాను. అంతకుముందు ఒక మాట. మీకు తేదీ తీసుకోవడం తప్ప వేరే కోరికలు లేకపోతే ఇన్‌పుట్ టైప్‌ని డేట్ అని పెట్టేయండి, బ్రౌజరే క్యాలెండర్ ఇస్తుంది, కొత్త వరుసలకూ దానంతట అదే వస్తుంది, ఇక ఇదంతా చదవక్కర్లేదు. మా వాడికి మంగళవారం బండి లేదు, ఆ రోజు అసలు నొక్కనివ్వకూడదన్నాడు. బ్రౌజర్ క్యాలెండర్‌తో అది సరిగ్గా కుదరదు, డేట్‌పికర్‌లో అయితే బిఫోర్‌షోడే అనే ఆప్షన్‌తో అయిపోతుంది.

మొదటి పని: తేదీ బాక్సులకు ఐడీ ఇవ్వకండి, క్లాసు ఇవ్వండి (ఐడీ పేజీలో ఒక్కదానికే ఉండాల్సిన గుర్తు, క్లాసు ఎన్నిటికైనా పెట్టవచ్చు). ఇది చాదస్తం కాదు. డేట్‌పికర్ తేదీని ఏ బాక్సులో వేయాలో ఐడీ చూసే తెలుసుకుంటుంది. అన్ని వరుసల్లో ఒకే ఐడీ ఉంటే మీరు మూడో వరుసలో తేదీ ఎంచుకున్నా అది వెళ్లి మొదటి వరుసలో పడుతుంది. అసలు ఐడీ లేకపోతే తనే ఒక కొత్త ఐడీ పుట్టించి పెట్టుకుంటుంది, కాబట్టి దాన్ని దాని మానాన వదిలేయడమే మంచిది. సర్వర్‌కి పంపే నేమ్ మాత్రం పెట్టాలి. పీహెచ్‌పీ అయితే నేమ్ చివర చదరపు బ్రాకెట్లు పెడితే అన్ని వరుసలూ ఒక జాబితాగా అందుతాయి.

రెండో పని: ఖాళీ వరుస ఒకటి టెంప్లేట్ ట్యాగులో దాచుకోండి. నేను బోల్తాపడింది ఇక్కడే. బద్ధకించి, ఉన్న మొదటి వరుసనే క్లోన్ చేశాను. డేట్‌పికర్ ఒకసారి తగులుకున్న బాక్సుకు హ్యాజ్‌డేట్‌పికర్ అనే క్లాసు అంటిస్తుంది, క్లోన్ చేస్తే అదీ వెంట వస్తుంది. ఆ తర్వాత కొత్త బాక్సు మీద డేట్‌పికర్‌ని పిలిస్తే “దీనికి ఇదివరకే అయిపోయిందిగా” అని తిరిగి చూడకుండా పోతుంది. ఎర్రర్ కూడా చూపించదు! సగం రాత్రి దీనికే పోయింది. టెంప్లేట్ ట్యాగులో ఉన్నది పేజీలో కనపడదు, డేట్‌పికర్ చేతికి చిక్కదు, కాబట్టి ఎన్నిసార్లు కాపీ తీసినా శుభ్రంగానే వస్తుంది. క్లోన్ తప్పనిసరి అయితే ఆ క్లాసునీ, డేట్‌పికర్ పెట్టిన ఐడీనీ తీసేసి అప్పుడు పిలవండి.

మూడో పని అసలుది. క్యాలెండర్ తగిలించే ఫంక్షన్ ఒక్కటే రాయండి. దానికి ఒక వరుసను అందిస్తే ఆ వరుస లోపల మాత్రమే తేదీ క్లాసు ఉన్న బాక్సులను వెతికి డేట్‌పికర్‌ని పిలవాలి. పేజీ లోడ్ అయినప్పుడు మొదటి వరుసకు దాన్నే పిలవండి, బటన్ నొక్కినప్పుడు టెంప్లేట్ కాపీ తీసి, ఫారంలో చేర్చి, చేర్చిన వెంటనే కొత్త వరుసకూ దాన్నే పిలవండి. చేర్చడం ముందు, పిలవడం తర్వాత. ఆప్షన్లన్నీ ఒకే చోట ఉంటాయి, రేపు మంగళవారం బదులు బుధవారం అన్నా ఒక్కచోట మార్చితే చాలు.

వరుసలు చేర్చే కోడ్ మీ చేతిలో లేకపోతే ఇంకో దారి ఉంది. అలిపిరి దగ్గర ప్రతి బండికీ ఒక మనిషిని ఎక్కించరు కదా, కొండెక్కే బండి ఏదైనా ఆ గేటు దాటాలి కాబట్టి అక్కడే ఆపి చూస్తారు. అలాగే ఫారం మొత్తానికి జేక్వెరీ ఆన్‌తో ఒక్క ఇవెంట్ పెట్టి, లోపల తేదీ బాక్సు దేనిమీదకు ఫోకస్ వచ్చినా అక్కడే పట్టుకుని డేట్‌పికర్ తగిలించవచ్చు. తగిలించాక షో అని కూడా పిలవండి, లేకపోతే కొన్నిసార్లు మొదటి నొక్కుకు తెరుచుకోదు. జేక్వెరీ లేకుండా రాసేవాళ్లు ఫోకస్ కాదు, ఫోకస్‌ఇన్ వాడాలి, ఫోకస్ బాక్సు నుంచి ఫారం దాకా పైకి పాకదు. పాత కోడ్‌లలో ఇదే పనికి లైవ్ అని కనిపిస్తే అది జేక్వెరీ 1.9 నుంచి లేదు.

ఆప్షన్లలో రెండు చూసుకోండి. ప్రయాణం తేదీకి మిన్‌డేట్ సున్నా, పుట్టిన తేదీకి మ్యాక్స్‌డేట్ సున్నా. సున్నా అంటే ఈరోజు: మొదటిది అంతకు ముందు రోజులను, రెండోది తర్వాతి రోజులను నొక్కనివ్వదు. సంవత్సరం ఎంచుకునే జాబితా మామూలుగా అటు పది, ఇటు పదేళ్లే చూపిస్తుంది, అవ్వలూ తాతలూ వచ్చే ఫారంలో అది ఏ మూలకు చాలుతుంది, ఇయర్‌రేంజ్ వందేళ్ల వెనక్కి పెట్టండి. ఫోన్‌లో కీబోర్డు లేవకుండా బాక్సుని రీడ్‌ఓన్లీ చేస్తే మాత్రం రిక్వైర్డ్ (తప్పక నింపాలనే గుర్తు) పనిచేయదు, ఖాళీగా ఉందో లేదో మీరే చూసుకోవాలి.

వరుస తీసేసే బటన్ ఉంటే ముందు డేట్‌పికర్‌ని హైడ్ అని, తర్వాత డెస్ట్రాయ్ అని పిలవండి, ఆ తర్వాతే వరుసను తీసేయండి. కనపడే క్యాలెండర్ అన్ని బాక్సులకూ కలిపి ఒక్కటే, అది ఫారం బయట ఉంటుంది, వరుస పోయినా తెర మీద వేలాడే అవకాశం ఉంది.

ఇక సర్వర్‌కి పంపడం. తేదీని టుఐఎస్ఓస్ట్రింగ్‌తో మార్చకండి. అది తేదీని యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలోకి మార్చేస్తుంది. మన టైము యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది, 15వ తేదీ అర్ధరాత్రి 12 అంటే అక్కడ ఇంకా 14 సాయంత్రం ఆరున్నర. నేను అలాగే పంపాను, శనివారం వ్యాను ఎక్కాల్సినవాళ్లందరూ శుక్రవారం జాబితాలోకి చేరిపోయారు. మా వాడు ఫోన్ చేసి “ఏంది సామీ, ఒక రోజు ముందే పంపించేస్తుండావే” అన్నాడు. డేట్‌పికర్‌లోనే ఫార్మాట్‌డేట్ ఉంది, సంవత్సరం-నెల-రోజు వరుసలో దాంతో రాయించి పంపండి. అందులో రెండు వై అక్షరాలు రాస్తే నాలుగంకెల సంవత్సరం వస్తుంది, నాలుగు రాస్తే సంవత్సరం రెండుసార్లు పడుతుంది.

అంతా అయ్యాక మూడు వరుసలు చేర్చండి, మూడోదాంట్లో తేదీ ఎంచుకోండి, మధ్యది తీసేయండి, ఇంకొకటి చేర్చి అందులోనూ ఎంచుకోండి. ఏ తేదీ ఏ బాక్సులో పడిందో, సర్వర్‌కి ఏం చేరిందో చూడండి.