ముందు అర్జీ రాయించండి

కర్నూలులో ఎనిమిది, తొమ్మిది తరగతుల అమ్మాయిలకు నాయకత్వ తరగతులు నడుపుతున్నాను. కొత్తగా మొదలుపెట్టే టీచర్లకు నా మాట ఒకటే: ఉపన్యాసం వద్దు. "మీరు శక్తిస్వరూపిణులు" అని గంటసేపు చెబితే పిల్లలు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు.

బెంచీలు జరిపి గుండ్రంగా కూర్చోబెట్టండి. కొండారెడ్డి బురుజు దగ్గర దిగినవారు మన బడికి ఎలా రావాలో ఒక్కొక్కరినీ చెప్పమనండి. తెలిసిన విషయమైతే నోరు తెరుచుకుంటుంది. సభ నడిపే పని వాగుడుకాయలకే ఇవ్వకండి. వంతులవారీగా అందరికీ రావాలి.

ఎక్కువ సమయం అర్జీకి కేటాయించండి. మరుగుదొడ్డి తలుపు గడియ ఊడిందనుకుందాం. "మా కష్టాలు తీర్చగలరని వేడుకుంటూ" అని మొదలుపెడతారు. కొట్టేయించండి. ఏ తలుపు, ఎప్పటి నుంచి, ఎంతమందికి ఇబ్బంది, ఏమి చేయాలి: ఇంతే. కింద తేదీ, సంతకాలు. హెడ్‌మాస్టరు గదిలోకి వాళ్లే వెళ్లాలి, మీరు గుమ్మం బయటే ఉండండి. నకలు మీద అందినట్టు సంతకం తెచ్చుకోవాలి. పై తరగతివారికి 2005 నాటి సమాచార హక్కు చట్టం, అందులో అడిగిన సమాచారం ఇవ్వడానికి ఉన్న 30 రోజుల గడువు కూడా చెప్పవచ్చు.

చదువు మాన్పించి పెళ్లి చేస్తారేమోనని ఎవరైనా భయపడితే అందరి ముందు ఆరా తీయకండి. 18 ఏళ్లు నిండకుండా అమ్మాయికి పెళ్లి చేయడం నేరమని, పిల్లల సహాయ నంబరు 1098కి ఉచితంగా ఫోను చేయవచ్చని అందరి చేతా నోటుపుస్తకంలో రాయించండి.

తల్లులను పిలిచిన రోజున కూడా సభ అమ్మాయిలదే. మైకు పెట్టకండి, దాని ముందు సగంమందికి గొంతు పెగలదు.