పాత గోడ, కొత్త గోడ: బీటలకు, చెమ్మకు, పెచ్చులకు కారణాలు – మరమ్మతు పద్ధతులు

గోడ బీట వారినా, పూత పెచ్చులుగా ఊడినా చాలామంది మొదట చేసే పని సిమెంటు మాలు కలిపి ఆ చోటును పూడ్చివేయడం. ఇటీవల కట్టిన ఇంట్లో కొన్నిసార్లు అది సరిపోవచ్చు గానీ, సున్నంతో కట్టిన పాత ఇంట్లో ఆ మరమ్మతు నుంచే తర్వాతి నష్టం మొదలవుతుంది. పాత గోడల్లో నేడు మనం చూస్తున్న శిథిలతలో పెద్ద భాగం వయసు వల్ల కాక, తర్వాతి కాలంలో వాటికి నప్పని పదార్థాలతో చేసిన మరమ్మతుల వల్లనే వచ్చిందని నా దృఢాభిప్రాయం. అందువల్ల లక్షణం ఏదైనా సరే, ఆ గోడను దేనితో కట్టారో తెలుసుకోకుండా తాపీ చేతపట్టకూడదు.

ముందుగా గోడను గుర్తించడం

పోర్ట్‌లాండ్ సిమెంటుకు జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పేటెంటు పొందినా, మామూలు ఇళ్ల గోడలకు అది విరివిగా వాడుకలోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. అంతకు ముందు కట్టిన ఇళ్లలో ఇటుకల మధ్య, రాళ్ల మధ్య ఉండేది సున్నపు మాలు లేదా మట్టి. ఇంటి వయసు తెలియనప్పుడు సందులోని మాలును పాత మేకుతో గీసి చూడాలి. సున్నపు మాలైతే మేకు సులువుగా దిగి పొడి రాలుతుంది, ఆ పొడి తెల్లగానో లేత పసుపుగానో ఉంటుంది, మధ్యమధ్య ఆవగింజంత తెల్లని సున్నపు పలుకులు కనిపిస్తాయి. సిమెంటు మాలు మీద మేకు జారిపోయి బూడిదరంగు గీత మాత్రమే మిగులుతుంది. ఈ పరీక్షను ఒకే చోట చేసి ఊరుకోకూడదు. పైన రెండు అంగుళాలు సిమెంటు, లోపలంతా సున్నం ఉన్న గోడలు చాలా ఉంటాయి, ఇబ్బంది పెట్టేవి ముఖ్యంగా అవే.

లక్షణం: ఇటుకల ముఖం పొరలుగా రాలిపోతుంది, సందులు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయి

ఇటుకలు అరిగి లోపలికి పోయి, వాటి మధ్య సిమెంటు గీతలు గట్ల మాదిరిగా పైకి తేలి ఉంటే, కారణం దాదాపు ఎప్పుడూ ఆ సిమెంటు పాయింటింగే, అంటే సందుల పైభాగాన్ని సిమెంటు మాలుతో నింపి మూయడమే. గోడలోకి చేరిన నీరు ఎటో ఒకవైపు ఆరిపోవాలి. సున్నపు మాలు సూక్ష్మరంధ్రాలతో మెత్తగా ఉంటుంది కనుక తడి సందుల గుండా బయటికి వస్తుంది, గోడ కాస్త కదిలినా ఆ కదలికను సందులే భరిస్తాయి, అరిగితే మాలే అరుగుతుంది. పాత మేస్త్రీలు సందును అరిగిపోయే భాగంగా, ఇటుకను నిలిచి ఉండే భాగంగా చూశారు. గట్టి సిమెంటుతో సందులు మూసేస్తే తడికి ఇటుక ఒక్కటే దారి అవుతుంది. నీటితో పాటు వచ్చిన లవణాలు ఇటుక ముఖం వెనకనే స్ఫటికాలుగా మారి ఉబ్బుతాయి, చలి ప్రదేశాల్లో అక్కడి నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది. రెండు సందర్భాల్లోనూ ఊడిపోయేది ఇటుక ముఖమే. ఇసుకను గాలి ఒత్తిడితో చిమ్మి శుభ్రం చేసిన గోడల్లో కూడా ఇదే జరుగుతుంది, ఎందుకంటే కాల్చినప్పుడు ఏర్పడిన గట్టి పైపొర ఆ రాపిడికి పోతుంది.

పరిష్కారం ఓపికతో కూడుకున్నది. సిమెంటు పాయింటింగును సన్నని ఉలితో, సుత్తితో, సందు వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు వరకు తీయాలి. అంటే 10 మి.మీ. సందుకు 20 నుంచి 25 మి.మీ. లోతు అన్నమాట. గ్రైండరు (తిరిగే బిళ్లతో కోసే యంత్రం) వాడితే పని త్వరగా అవుతుందన్నది నిజమే గానీ, నిలువు సందుల దగ్గర పై ఇటుకను, కింది ఇటుకను కోయకుండా దాన్ని ఆపగలిగిన చేయి అరుదు. ఒకసారి కోసిన అంచు తిరిగి రాదు. ఉలి ఎంత తట్టినా సిమెంటు ఇటుకను వదలకపోతే దాన్ని అలాగే ఉంచి, మిగిలినవి బాగు చేయడమే మేలు.

శుభ్రం చేసిన సందును నీటితో కడిగి, తడి ఉండాలి గానీ నీరు నిలవకూడదు అన్న స్థితిలో కొత్త మాలు పెట్టాలి. మెత్తని పాత ఇటుకకు ఒక పాలు సున్నం, మూడు పాళ్లు చిన్న, పెద్ద రేణువులు కలిసిన కడిగిన ఇసుక తగిన మిశ్రమం. వాన నేరుగా కొట్టే గోడలకు, ఎప్పుడూ తడిగా ఉండే చోట్లకు నీటిలో కూడా గట్టిపడే హైడ్రాలిక్ సున్నం మంచిది. ఇటుక కాస్త గట్టిదై, గోడను మొదటే సిమెంటు కలిపి కట్టి ఉంటే ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు సున్నం, తొమ్మిది పాళ్లు ఇసుక. ఇంకా గట్టి ఇటుకకు 1:1:6. ఏ గోడకైనా మాలు ఇటుక కంటే మెత్తగా ఉండాలన్న నియమాన్ని మాత్రం తప్పకూడదు. సందును ఒకేసారి నింపకుండా 6 మి.మీ. మించని పొరలుగా నింపుతూ, బొటనవేలు నొక్కితే ముద్ర మాత్రం పడేంత గట్టిపడ్డాక తర్వాతి పొర వేయాలి. అంచులు అరిగిన ఇటుకల మీదికి మాలు పరచకుండా సందును కొద్దిగా లోపలికే ఆపాలి. తర్వాత కొన్ని రోజులు తడి గోనెసంచులు వేలాడదీసి ఎండ నుంచి కాపాడాలి, ఎందుకంటే సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని గట్టిపడుతుంది, ఆ పనికి తేమ తప్పనిసరి. రాలిపోయిన ఇటుకలను ఒక్కొక్కటిగా తీసి, వెనక ముఖం బాగుంటే తిప్పి పెట్టవచ్చు. నీటిని ఆపుతాయని అమ్మే పారదర్శక పూతలు ఇలాంటి గోడకు వేయవద్దు. లవణం పూత వెనక చేరి మిగిలిన ముఖాన్ని కూడా ఊడగొడుతుంది.

పొడిసున్నం బదులు రాతిసున్నం వాడదలిస్తే, నీటిలో సున్నం వేయాలే గానీ సున్నం మీద నీరు పోయకూడదు. అది మరిగి చిందుతుంది, కంట్లో పడితే చూపు పోగలదు. కళ్లద్దాలు, చేతితొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి.

లక్షణం: గోడ అడుగున చెమ్మ, తెల్లని ఉప్పు

చెమ్మ మూడు దారుల్లో వస్తుంది. నేల నుంచి పైకి పాకే చెమ్మ సాధారణంగా సుమారు మీటరు ఎత్తులో ఆగి, పొడవునా ఒక మరకగా కనిపిస్తుంది. పైపు, పైకప్పు, కిటికీ అంచు నుంచి కారేది ఒక చోటే మచ్చగా ఏర్పడి వానతోనో నీటి వాడకంతోనో పెరుగుతుంది. గదిలోని ఆవిరి చల్లని గోడ మీద నీరుగా మారేది మూలల్లో, బీరువాల వెనక నల్లని బూజుతో కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే జానెడు అల్యూమినియం రేకును నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి ఒకటి రెండు రోజులు ఉంచాలి. గదివైపు నీటి చుక్కలు పడితే అది ఆవిరి సమస్య, దానికి గాలి ఆడేలా చేయడమే మందు. గోడవైపు చుక్కలు ఉంటే తడి గోడలోనే ఉంది.

నేల చెమ్మకు గోడలో రసాయనాలు ఎక్కించే ముందు బయటికి వెళ్లి నేల మట్టం చూడాలి. ఏళ్ల తరబడి మట్టి పోసి, గచ్చు మీద గచ్చు వేసి, నేల చెమ్మను ఆపడానికి గోడ అడుగున వేసిన చెమ్మ నిరోధక పొర పూడిపోయిన ఇళ్లు ఎన్నో. బయటి నేలను ఆ పొరకు కనీసం 150 మి.మీ. దిగువకు తీసి, వాలును ఇంటికి దూరంగా ఉండేలా మార్చి, పైకప్పు నీరు గోడ మొదట్లో పడకుండా చేస్తే చాలా ఇళ్లలో సమస్య అక్కడితోనే తగ్గుముఖం పడుతుంది. తర్వాత లోపలి సిమెంటు పూతను చెమ్మ గీతకు 30 సెం.మీ. పై వరకు తీసేసి గోడను ఆరనివ్వాలి. తడిసిన గోడ నెలకు సుమారు 25 మి.మీ. మందం చొప్పున ఆరుతుందని పనివారు వేసే ఉజ్జాయింపు లెక్క. అంటే తొమ్మిది అంగుళాల గోడకు చాలా నెలలు పట్టవచ్చు. ఈ కాలం ఆగలేక మళ్లీ పూత వేయడమే ఎక్కువ మరమ్మతులు విఫలం కావడానికి కారణం. ఆరిన తర్వాత సున్నపు పూత, ఆవిరి దాటగల రంగు వేయాలి. జిప్సం పూత ఇక్కడ పనికిరాదు.

ఉప్పును నీటితో కడగకూడదు. అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి కుంచెతో దులిపి, రాలిన పొడిని అక్కడ వదలకుండా తీసెయ్యాలి. కొత్త ఇంటి గోడ మీద మొదటి సంవత్సరాల్లో కనిపించే తెల్లని పొడి కట్టుబడి నీరు ఆరుతున్నదనడానికి గుర్తు మాత్రమే. కొత్త నీరు చేరకపోతే దులుపుతూ ఉంటే క్రమంగా తగ్గిపోతుంది.

లక్షణం: గోడలో బీట

బీటను పూడ్చడానికి ముందు దాన్ని చదవాలి: ఎటు పోతోంది, ఎక్కడ వెడల్పుగా ఉంది, ఇంకా కదులుతోందా. బీట రెండు చివరలా పెన్సిలుతో గీత గీసి తేదీ రాయాలి. దానికి ఇరుపక్కలా రెండు స్క్రూలు బిగించి, వాటి మధ్య దూరాన్ని వెర్నియర్‌తో (మిల్లీమీటరులో భాగాలను కూడా కొలిచే పరికరం) నెలకోసారి కొలిచి రాసుకోవాలి. గాజుముక్క అతికించే పాత పద్ధతి కదలిక ఉందని చెబుతుంది గానీ ఎంతో, ఎటో చెప్పదు. వానలు, ఎండలు రెండూ గడిచే వరకు, అంటే ఏడాది పాటు కొలిస్తేనే నమ్మదగిన సమాధానం వస్తుంది. వెడల్పు 1 మి.మీ. లోపు ఉంటే రంగు వేసేటప్పుడు సరిచేస్తే చాలు, 5 మి.మీ. దాకా పూడ్చవచ్చు; అది దాటితే ఇంజనీరు చూడాలి; 15 మి.మీ. దాటిన బీట, తలుపులు బిగుసుకుపోవడం కలిసి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

ఇటుక సందుల వెంట మెట్లుమెట్లుగా పోయే ఏటవాలు బీట పునాది కదలికను సూచిస్తుంది. పైన వెడల్పుగా ఉంటే గోడ చివర కుంగుతోంది, అడుగున వెడల్పుగా ఉంటే మధ్య భాగం కుంగుతోంది. కారణం తరచుగా పగిలిన మురుగు పైపు, లేదా తడిసినప్పుడు ఉబ్బి ఎండినప్పుడు కుంచించుకునే బంకనేల, లేదా ఆ నేలలో నీరు తాగే పెద్ద చెట్టు. చెట్టును వెంటనే కొట్టించడం పొరపాటు కావచ్చు, ఎందుకంటే అన్నేళ్లు ఎండి ఉన్న బంకమట్టి ఒక్కసారిగా నీరు పట్టి ఉబ్బి పునాదిని పైకి లేపగలదు. మొదట పైపు బాగుచేసి, కదలిక ఆగిందని కొలతలతో నిర్ధారించుకున్నాకే బీటను కుట్టాలి. సుమారు 45 సెం.మీ. ఎత్తుకు ఒకటి చొప్పున అడ్డ సందులను తవ్వి, బీటకు ఇరువైపులా అర మీటరు చొప్పున పోయే 6 మి.మీ. మెలి తిరిగిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీని గ్రౌటులో (సందుల్లోకి పారేంత పలుచని మాలు) కూర్చి, సందును పాత మాలుకు సరిపడే మాలుతో మూయాలి.

కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే బీటలకు లింటెల్ (కిటికీ, తలుపుల పైన బరువు మోసే అడ్డదూలం) గోడ మీద చాలినంత ఆనకపోవడమో, పాత ఇళ్లలో కొయ్య లింటెల్ పుచ్చిపోవడమో కారణం. పైబరువుకు ఊతకర్రలు పెట్టాకే దాన్ని మార్చాలి.

కాంక్రీటు పిల్లర్లతో కట్టిన ఇళ్లలో పిల్లరుకు, ఇటుక గోడకు మధ్య నిలువుగా వచ్చే సన్నని బీట వేరే రకం. రెండు పదార్థాలు వేడికి, తేమకు వేర్వేరుగా స్పందిస్తాయి. పూత తీసి, అతుకుకు ఇరువైపులా 15 సెం.మీ. చొప్పున చికెన్ మెష్ (సన్నని తీగ వల) బిగించి మళ్లీ పూయాలి. పై అంతస్తులో స్లాబు కింద అడ్డంగా వచ్చే బీటకు ఎండకు స్లాబు సాగడం మూలం. దాన్ని గట్టి మాలుతో ఎన్నిసార్లు పూడ్చినా తెరుచుకుంటుంది. స్లాబు మీద వేడి తగ్గించే పొర వేసి, బీట చోట తిన్నని గాడి చేసి సాగే సీలెంటు నింపాలి.

లక్షణం: కాంక్రీటు పెచ్చులు, బయటపడిన ఊచలు

తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పైనున్న కాంక్రీటును నెట్టేస్తుంది. ఊడిన చోట మాత్రమే పూస్తే పక్కన మళ్లీ ఊడుతుంది. ఊచ వెనక కూడా వేలు దూరేంత ఖాళీ వచ్చేలా, తుప్పు లేని ఇనుము కనిపించేదాకా చెక్కి, లోహం మెరిసేలా శుభ్రం చేసి, రక్షణ పూత వేసి, పాలిమర్ మాలుతో పొరలుగా పూడ్చాలి. ఊచ మందం బాగా తగ్గి ఉంటే ఆ నిర్ణయం మేస్త్రిది కాదు, ఇంజనీరుది. రాతి గోడల్లో రాళ్లను పట్టి ఉంచే పాత ఇనుప పట్టీలు కూడా ఇలాగే రాయిని చీలుస్తాయి. వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి.

పూతకు సంబంధించిన చిన్న లక్షణాలు

సాలెగూడులా సన్నని గీతలు వస్తే మాలులో సిమెంటు ఎక్కువైంది, లేదా క్యూరింగ్ (పూతను కొన్ని రోజులు తడుపుతూ ఉండడం) తగ్గింది. పూత గోడను పట్టుకుని ఉంటే రంగుతో సరిపెట్టవచ్చు. తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే అంతమేరా చతురస్రంగా కోసి తీసి, గోడను తడిపి మళ్లీ పూయాలి. అలంకారాలున్న పాత సున్నపు పూతనైతే తీయకుండా వెనకకు పలుచని సున్నపు గ్రౌటు ఎక్కించాలి. గుంట అడుగున తెల్లని చుక్కతో చిన్న చిన్న పెచ్చులు ఎగురుతుంటే అవి సరిగా చల్లారని సున్నపు పలుకులు. ఒక్కొక్కటిగా గిల్లి తీయడం తప్ప దారి లేదు.

లక్షణం: మట్టి గోడ అడుగు మెత్తబడి జారుతోంది

సిమెంటు పూత మట్టిగోడకు శత్రువు. పూత బయటికి చక్కగా కనిపిస్తూనే ఉంటుంది, లోపల నీరు చేరి అడుగు మట్టి బురద అవుతుంది. పూతను పూర్తిగా తీసి, గోడను ఆరనిచ్చి, జారిన భాగాన్ని అదే మట్టితో, గడ్డి కలిపి నింపి, మట్టి లేదా సున్నపు పూత వేయాలి.

లక్షణం: గోడ మధ్యలో ఉబ్బింది

మందమైన రాతి గోడ నిజానికి రెండు గోడలు, మధ్యలో చిల్లరాళ్ల పూరణ. రెంటినీ కలిపే కట్టురాళ్లు తక్కువైనా, పైనుంచి నీరు దిగి పూరణ కిందికి జారినా బయటి గోడ ఉబ్బుతుంది. తూకం గుండు వేలాడదీసి ఉబ్బు ఎంతో కొలవండి, మీటరు ఎత్తుకొకసారి రాసుకోండి, వర్షపు నీరు పైనుంచి దిగకుండా గోడ తల కప్పండి. గ్రౌటు ఎక్కించాలా, ఆ భాగాన్ని విప్పి కట్టాలా అన్నది పాత కట్టడాల అనుభవం ఉన్న ఇంజనీరు తేల్చాలి. అంతవరకు ఉబ్బు మీద సుత్తి దెబ్బ పడకూడదు, గోడకు ఊతకర్రలు నిలబెట్టి దాని నీడలో ఎవరినీ ఉండనివ్వకూడదు.