సెకండ్ హ్యాండ్ రికంబెంట్ సైకిల్: అడ్వాన్స్ ఇచ్చే ముందు

వానలు తగ్గాయి. వెనక్కి వాలి తొక్కే సైకిల్‌ కోసం బేరం ఆడుతున్న మన మహబూబ్‌నగర్, నల్గొండ వాళ్లకు:

ఫ్రేమ్: సీటు కింద, పెడల్ గొట్టం మొదట్లో వెల్డింగ్‌ని తడిగుడ్డతో తుడిచి, టార్చ్ వేసి చూడండి. మట్టి గీతైతే పోతుంది, పగులైతే ఉంటుంది. వెంట్రుకంత పగులున్నా వదిలేయండి. అల్యూమినియానికి గేటు వెల్డింగ్ అతుకు నమ్మలేం.

కాలి కొలత: పెడల్ దూరంగా ఉన్నప్పుడు మోకాలు కాస్త వంగాలి. అందుకు పెడల్ గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుకోవాలి. అది జరగకుండా బిగుసుకుపోతే ఎంత చవకైనా దండగే.

ముందు టైరు: 20 అంగుళాల్లోనే 406, 451 అని (టైరు కూర్చునే రిమ్ వ్యాసం, మి.మీ.లో) రెండున్నాయి. ఒకదానికొకటి పట్టవు. టైరు పక్కనున్న అంకె చదవండి.

చైన్: మామూలుదానికి రెండింతలకు పైనే పొడవు. అరిగితే ధర తగ్గించమనండి.

ట్రయల్: గల్లీలో కాదు, మన్యంకొండ లాంటి ఎత్తు మీద. దీన్ని నిలబడి తొక్కలేం మరి.