పైథాన్ పాఠాలు – 9: ఆర్డ్, ఇంట్, సీహెచ్ఆర్

పోయినసారి '75' అనే స్ట్రింగ్‌లోని అంకెలు కూడమన్నాను. 12 రావాలి. ఒక్కో అంకెకీ ఆర్డ్ ఫంక్షన్ వాడిన చాలామందికి 108 వచ్చింది. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగలేదు, ఎర్రర్ చూపలేదు. అందుకే తప్పు ఎక్కడుందో దొరకలేదు. స్లైసింగ్, అంటే స్ట్రింగ్‌లోంచి ముక్క తీయడం, తర్వాత చూద్దాం, ముందు ఈ 108 సంగతి తేల్చాలి.

ఆర్డ్ చెప్పేది యూనికోడ్ (ప్రపంచ భాషల అక్షరాలకు నంబర్లిచ్చే) పట్టికలో ఆ క్యారెక్టర్‌కి ఉన్న నంబరు. '7' నంబరు 55, '5' నంబరు 53. రెండూ కలిపితే 108. ఇచ్చింది అంకా, అక్షరమా అన్నది ఆర్డ్‌కి పట్టదు. అంకె విలువ కావాలంటే ఇంట్ వాడాలి: ఇంట్('7') అంటే 7. సీహెచ్ఆర్ ఆర్డ్‌కి తిరుగుదారి: సీహెచ్ఆర్(55) అంటే '7', అదీ స్ట్రింగే.

కొందరు ఆర్డ్ ఇచ్చిన దాంట్లోంచి 48 తీసేసి 12 రాబట్టారు. '0' నంబరు 48 కాబట్టి లెక్క సరిపోయింది. సీ భాషలో అది మామూలే. పైథాన్‌లో మాత్రం దయచేసి వద్దు. తెలుగు అంకె '౭' ఇచ్చి చూడండి. ఇంట్ చక్కగా 7 అంటుంది. ఆర్డ్ 3181 అంటుంది, 48 తీసేస్తే 3133. పొరపాటున 'క' ఇచ్చారనుకోండి, ఇంట్ వాల్యూఎర్రర్ చూపి ఆగిపోతుంది. మీ తీసివేత మాత్రం నిక్షేపంలా 3045 చేతిలో పెడుతుంది. దాన్ని ఇంకో పది లెక్కల్లో వాడాక తప్పు వెతకడం ఎంత కష్టమో ఆలోచించండి. చెడ్డ డేటా దగ్గర అక్కడికక్కడే ఆగే కోడే నాకిష్టం.

ఇంకొకటి. ఆర్డ్‌కి ఒక్క క్యారెక్టరే ఇవ్వాలి. 'క' ఇస్తే 3093 వస్తుంది, 'కి' ఇస్తే టైప్‌ఎర్రర్. కంటికి ఒకటే అక్షరం, పైథాన్‌కి రెండు: క, గుడి. 'క్ష' అయితే మూడు: క, పొల్లు, ష. అనుమానం వస్తే లిస్ట్('క్ష') ప్రింట్ చేయండి, విడివిడిగా కనబడతాయి.

అభ్యాసం: 3093 నుంచి మొదలుపెట్టి, ఫర్ లూప్‌లో సీహెచ్ఆర్‌తో, క నుంచి మ దాకా 25 అక్షరాలు వరుసకు ఐదు చొప్పున ప్రింట్ చేయండి. నాలుగు వరుసలు సాఫీగా వస్తాయి. న తర్వాత 3113 దగ్గర పట్టికలో ఏ అక్షరమూ లేదు, ప 3114లో ఉంది. 3113 అని కోడ్‌లో ఎక్కడా రాయకూడదు. ఇచ్చింది అక్షరమా కాదా చెప్పే ఈజ్ఆల్ఫా మెథడ్‌తో ఖాళీని పసిగట్టి దాటేయాలి, ఐదో వరుసలోనూ సరిగ్గా ఐదే రావాలి.