మీ ఎంపీ పార్టీ మాట ప్రకారమే ఓటేశారా? ఇలా తెలుసుకోండి

2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతో పాసైంది. టీవీలో ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. రెండు రాష్ట్రాల తెలుగువాళ్ల భవిష్యత్తును మార్చేసిన ఆ తుది ఓటులో ఎవరు ఎటు ఉన్నారో పేరుపేరునా చెప్పే జాబితా లేదు. అందుకే మీ ఎంపీ ఓట్లను పార్టీ వైఖరితో పోల్చాలనుకుంటే, అసలు పేర్లు నమోదైన ఓట్లేవో ముందు తెలియాలి.

1. డివిజన్ జరిగిందా లేదా చూడండి

సభలో రోజూ జరిగేది మూజువాణి ఓటే. అనుకూలమన్నవాళ్లు ఒకసారి, వ్యతిరేకమన్నవాళ్లు ఒకసారి గట్టిగా చెబుతారు. ఎటువైపు ఎక్కువమంది ఉన్నారో స్పీకర్ తేల్చేస్తారు. పేర్లెవరూ రాసుకోరు. ఎవరైనా సభ్యుడు పట్టుబట్టి డివిజన్, అంటే ఎవరు ఎటు వేశారో పేరుపేరునా నమోదయ్యే ఓటింగ్, అడిగితేనే కథ మారుతుంది. లాబీలు ఖాళీ చేయిస్తారు, మూడున్నర నిమిషాలు బెల్లు మోగుతుంది, తలుపులు మూసేస్తారు. తర్వాత ఎవరి సీటు దగ్గర వాళ్లు బటన్ నొక్కాలి. ఆకుపచ్చ అంటే అనుకూలం, ఎరుపు అంటే వ్యతిరేకం, పసుపు అంటే తటస్థం.

అడిగిన ప్రతిసారీ డివిజన్ దొరకదు. 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల మీద ప్రతిపక్షాలు డివిజన్ కావాలని ఎంత గొడవ చేసినా మూజువాణితోనే కానిచ్చారు. రైతుల బిల్లు మీద ఏ సభ్యుడు ఏమన్నాడో తెలుసుకునే హక్కు రైతుకు లేకుండా పోవడం నా దృష్టిలో చిన్న విషయం కాదు.

రాజ్యాంగ సవరణ బిల్లులకు ప్రత్యేక మెజారిటీ (మామూలు బిల్లుల కంటే ఎక్కువ మద్దతు) లెక్క తేలాలి కాబట్టి డివిజన్ తప్పదు. మొదటిసారి చూసేవాళ్లు వాటితోనే మొదలుపెట్టండి.

2. జాబితాలో పేరు వెతకండి

పార్లమెంటు వెబ్‌సైట్‌ సంసద్ డాట్ ఇన్‌లో సభా చర్చల విభాగానికి వెళ్లి, ఓటింగ్ జరిగిన తేదీ ఎంచుకుని, ఆ రోజు చర్చల పీడీఎఫ్ తెరవండి. డివిజన్ జరిగిన చోట అనుకూలం, వ్యతిరేకం అని విడివిడిగా పేర్లుంటాయి. పేరు పక్కన పార్టీ ఉంటుందని ఆశపడకండి. మన పేర్లతో ఇంకో చిక్కుంది. ఇంటిపేరు ముందేస్తారో, చివర ఉన్న రెడ్డి, నాయుడు, రావు లాంటివి ముందేస్తారో చెప్పలేం. కాబట్టి పేరులోని ఒక్కో ముక్కతో విడిగా వెతకండి.

జాబితా కింద చిన్న అక్షరాల్లో ఉండే గమనిక వదలొద్దు. బటన్ సరిగా పడనివాళ్లు, పొరపాటున వేరేది నొక్కినవాళ్లు స్లిప్పు రాసి ఓటు సరిచేసుకుంటారు. ఆ పేర్లు అక్కడ ఉంటాయి. అది చూడకుండా ఎవరినైనా ‘గైర్హాజరు’ అనేస్తే అన్యాయం చేసినట్టే.

3. పార్టీ వైఖరిని విడిగా రాసుకోండి

చాలామంది ఇక్కడే తడబడతారు. ప్రభుత్వాన్ని వ్యతిరేకించడం వేరు, సొంత పార్టీని వ్యతిరేకించడం వేరు. 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటేశారు. ఆ ఇద్దరిలో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఒకరు. సభంతా ఒకవైపు, ఆయన ఒకవైపు. కానీ ఆయన పార్టీ మజ్లిస్ వైఖరి కూడా అదే. రెండో ఓటు కూడా మజ్లిస్ ఎంపీదే.

పార్టీ వైఖరి తెలియాలంటే ఆ చర్చలో పార్టీ తరఫున మాట్లాడిన నాయకుడి ప్రసంగం చదవండి. విప్, అంటే ఇలాగే ఓటేయాలని పార్టీ తన ఎంపీలకు ఇచ్చే ఆదేశం, జారీ అయిందేమో ఆ రోజు పత్రికల్లో చూడండి. రెండూ తేలకపోతే ఆ పార్టీ ఎంపీల్లో ఎక్కువమంది ఎటు వేశారో దాన్నే వైఖరిగా తీసుకోండి. కొన్నిసార్లు పార్టీయే పగ్గాలు వదిలేస్తుంది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు మీద రాజ్యసభలో బిజూ జనతాదళ్ తన సభ్యులకు మనస్సాక్షి ప్రకారం ఓటేయమంది. అలాంటి ఓటును ధిక్కారం కింద లెక్కేయకూడదు.

4. శాతాలు చూసి నిర్ణయానికి రాకండి

నాలుగు గళ్ల పట్టిక చాలు: బిల్లు, పార్టీ వైఖరి, ఎంపీ ఓటు, విప్ ఉందా లేదా. నింపి చూస్తే దాదాపు ప్రతి ఎంపీకీ నూటికి నూరు వస్తుంది. కారణం 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం. విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, ఓటేయకుండా ఉన్నా, పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వమే పోవచ్చు. పోల్చడంలో నాలుగో గడి అన్నిటికంటే ముఖ్యమని నేననేది అందుకే. విప్ ఉన్నప్పుడు పడిన ఓటు ఎంపీ అభిప్రాయమో, పదవి భయమో బయటివాళ్లకు తెలియదు. విప్ లేనప్పుడు పడిన ఓటులోనే మనిషి కనిపిస్తాడు.

విప్‌కు ఎదురెళ్లినవాళ్లూ ఉన్నారు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో, ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. ఆ రోజు సైఫుద్దీన్ సోజ్ తన పార్టీ నేషనల్ కాన్ఫరెన్స్ ఆదేశాన్ని కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. పార్టీ ఆయన్ని బహిష్కరించింది.

5. గైర్హాజరు ఎందుకో చూడండి

ఎదురు ఓటేసే ధైర్యం చాలనివాళ్లు సభకు రాకుండా ఉండిపోతారు. అలాగని రానివాళ్లంతా అసమ్మతివాదులు కారు. ఆరోగ్యం బాగోక రాకపోయి ఉండొచ్చు. సస్పెన్షన్‌లో ఉండొచ్చు, 2023 డిసెంబర్‌లో రెండు సభల్లో కలిపి 146 మందిని సస్పెండ్ చేశారు. స్పీకర్ అయితే ఓట్లు సమానమైనప్పుడు తప్ప ఓటేయరు.

6. పేర్ల జాబితా లేకపోతే

చర్చలో మీ ఎంపీ ఏం మాట్లాడారు, ఏ సవరణలు ఇచ్చారు, కమిటీ నివేదికకు అసమ్మతి నోట్ రాశారా చూడండి. పదో షెడ్యూలు సభలో వేసే ఓటుకే వర్తిస్తుంది కాబట్టి కమిటీల్లో కాస్త స్వేచ్ఛ ఉంటుంది. అసెంబ్లీల్లో డివిజన్లు మరీ అరుదు. అక్కడ తీర్మానం ఎవరు పెట్టారన్నదే ఆధారం. 2014 జనవరి 30న విభజన బిల్లును తిరస్కరిస్తూ ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ చేసిన తీర్మానం కూడా మూజువాణిదే. కానీ కాంగ్రెస్ ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి సొంత అధిష్ఠానాన్ని కాదని ఆ తీర్మానం వైపు నిలబడ్డారని తెలుసుకోవడానికి ఓటు జాబితాతో పని లేదు.

రాష్ట్రపతి ఎన్నికను మాత్రం ఈ లెక్కలో కలపకండి. అది రహస్య ఓటు, విప్ కూడా వర్తించదు.

7. ఎంపీనే అడగండి

ఈమెయిల్‌గానో ఉత్తరంగానో రాయండి. బిల్లు పేరు, తేదీ వేసి మూడే ప్రశ్నలు అడగండి: సార్, మీరు ఎటు ఓటేశారు? పార్టీ విప్ ఇచ్చిందా? విప్ లేకపోతే ఎటు వేసేవారు? జవాబు వస్తే పట్టిక పక్కన అతికించండి, రాకపోతే రాసిన తేదీ వేసి పెట్టుకుని తర్వాతి సమావేశాల ముందు మళ్లీ రాయండి.